సౌదీలో తమ్ముడిని పట్టుకుపోయి పదకొండు రోజులు, ఎంబసీకి తెలుసో లేదో తెలియదు

కోరుట్ల బిడ్డ
సోమవారం, రాత్రి 11:42

అందరికి నమస్తే. నేను కూకట్‌పల్లిల మందుల దుకాణంల పని చేస్త. మాది కోరుట్ల దగ్గర పల్లె. మా తమ్ముడు దమ్మాంకు ఇంటి డ్రైవర్ పని మీద పోయి రెండేండ్లు దాటింది. కఫీలు (పనికి పిలిపించుకున్న యజమాని) ఏడు నెలల జీతం ఆపితే ఆ ఇల్లు ఇడిచిపెట్టి, దోస్తుల రూముల ఉండుకుంట బయట బండి నడుపుతుండె. పదకొండు రోజుల కింద, గురువారం రాత్రి, "అన్నా, రేపు పైసలు పంపుత, అమ్మకు షుగర్ గోలీలు తీస్కో" అన్నడు. అదే ఆఖరి మాట.

శనివారం నాడు రూముల ఉండే పిల్లగాడు చెప్పిండు, ఖోబర్ దిక్కు పోతుంటే చెకింగుల పట్టుకున్నరట. ఏ ఠాణా, ఏం కేసు, ఏదీ తెల్వదు. ఆ పిల్లగానికి కూడ ఇఖామా (అక్కడ ఉండనిచ్చే కార్డు) సక్కగ లేదు, వాడు పోయి అడగలేడు. ఊర్ల ఏజెంటు 80 వేలు ఇస్తే మూడు రోజులల్ల ఇడిపిస్త అంటున్నడు. అమ్మకు ఫోన్ పలిగిందని అబద్ధం చెప్పిన.

తెల్వక అడుగుతున్న. మనోణ్ణి వేరే దేశం పోలీసులు పట్టుకుంటే మన ఎంబసీకి చెప్పరా? చెప్పకుండ ఇన్ని రోజులు పెట్టుకోవచ్చా?


బర్కస్ అస్లం
మంగళవారం, రాత్రి 12:15

తమ్ముడూ, ముందుగాల ఆ 80 వేలు ఎవ్వరికీ ఇవ్వకు. నేను దమ్మాం, ఖోబర్ కలిపి 14 ఏళ్ళు ఉన్నా. చివర్లో తర్హీల్‌లో (దేశం నుంచి వెనక్కి పంపే ముందు పెట్టే జాగా) 19 రోజులు ఉండి వచ్చినోణ్ణి, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

కఫీల్ ఇల్లు వదిలితే ఆయన హురూబ్ పెడతాడు, అంటే మనిషి పారిపోయిండని రాయిస్తాడు. ఆ రోజు నుంచి ఇఖామా చేతిలో ఉన్నా లేనట్టే. మనోళ్ళు దాన్నే ఖల్లివల్లి అంటారు. చెకింగ్‌లో నంబరు కొట్టంగనే తెలిసిపోతుంది. హురూబ్ ఒక్కటే ఉంటే తర్హీల్‌కు తీస్కపోతారు. వేలిముద్రలు, అవుట్‌పాస్ (ఒక్కసారి ఇంటికి పోవడానికి ఇచ్చే కాగితం), విమానం. దానికి ఏజెంటు అక్కర్లేదు. కానీ మీద వేరే కేసు ఉంటే కంప్యూటర్‌లో మత్లూబ్, అంటే పోలీసులకు కావలసినోడు, అని వస్తుంది. అప్పుడు దేశం దాటనివ్వరు, షుర్తా, అంటే పోలీసు ఠాణాకు మారుస్తారు. తర్హీల్‌లో ఎవరి ఫోనో ఒకటి దొరుకుతుంది, ఇంటికి ఒక ముక్క చెప్పొచ్చు. పదకొండు రోజులు చప్పుడు లేదంటే నాకు రెండోదే అనుమానం.

నీ దగ్గర ఏమేమున్నాయో చూడు. పాస్‌పోర్ట్ జిరాక్స్, ఇఖామా నంబరు (2తో మొదలయ్యే పదంకెలు), కఫీల్ పేరు, పట్టుకున్న రోజు, జాగా. ఇవి లేకుంటే ఎంబసీలో ఎవరూ ఏం వెతకలేరు. అక్కడ మన పేర్లు ఒక్కో కాగితంలో ఒక్కో తీరుగ రాస్తారు. నంబరే మనిషి.


నిర్వాహకుడు
మంగళవారం, ఉదయం 7:05

పాస్‌పోర్ట్, ఇఖామా నంబర్లు, ఫొటోలు ఇక్కడ బహిరంగంగా పెట్టవద్దు. కావాలంటే నేరుగా సందేశాల్లో పంపుకోండి. డబ్బు వసూళ్ళ పిలుపులు కూడా ఈ చర్చలో వద్దు.


వకీలమ్మ
మంగళవారం, ఉదయం 8:30

కోరుట్ల తమ్ముడు అడిగిన దానికి సూటిగా జవాబు చెప్తాను. చెప్పాలి. 1963లో వియన్నాలో కుదిరిన కాన్సులర్ సంబంధాల (పరాయి దేశంలో తమ పౌరులను చూసుకునే ఎంబసీ, కాన్సులేట్ పనుల) ఒప్పందం ఉంది, అందులో 36వ అధికరణం. మన దేశం 1977లో చేరింది. సౌదీ కూడా అందులో ఉంది. మొత్తం 180కి పైగా దేశాలు. దాని ప్రకారం, పరదేశిని నిర్బంధించిన అధికారులు "మీ దేశపు కాన్సులేట్‌కు కబురు పెట్టమని అడిగే హక్కు నీకుంది" అని ఆ మనిషికి ఆలస్యం లేకుండా చెప్పాలి. అతను అడిగితే, ఆలస్యం లేకుండా కాన్సులేట్‌కు తెలపాలి. కాన్సులర్ అధికారి వచ్చి అతన్ని కలవవచ్చు, మాట్లాడవచ్చు, వకీలును ఏర్పాటు చేయవచ్చు.

చిక్కంతా "అతను అడిగితే" అన్న ఆ రెండు మాటల్లోనే ఉంది. హక్కు ఉందని చెప్పకపోతే ఎలా అడుగుతాడు? చెప్పినా అరబీలో చెప్తే ఏం అర్థమవుతుంది? "ఆలస్యం లేకుండా" అంటే ఎన్ని గంటలో కూడా ఒప్పందంలో రాయలేదు.

అయితే ఇంటివాళ్ళు గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. తన పౌరుణ్ణి కలిసే హక్కు కాన్సులేట్‌కు సొంతంగా ఉంది, దాని కోసం లోపలున్న మనిషి ముందుగా అడగాల్సిన పని లేదు. అతనే స్పష్టంగా "నాకు వద్దు" అంటే తప్ప. అంటే అక్కడ మీ తమ్ముడి నోరు మూతపడినా, ఇక్కడి నుంచి మీరు ఎంబసీకి రాస్తే ఎంబసీ అడగవచ్చు. ఈ రోజే రాయండి. విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి, ఆ నంబరు దాచుకోండి. దమ్మాం రియాద్ ఎంబసీ కిందికి వస్తుంది, జెడ్డా కాన్సులేట్ కిందికి కాదు. మెయిల్ తప్పు చోటికి పోతే వారం పోతుంది. ఈ రోజు మంగళవారం కాబట్టి బేగంపేటలో ప్రజాభవన్‌లో ప్రజావాణి ఉంటుంది, గల్ఫ్ బాధితులకు వేరే కౌంటర్ ఉంది. అక్కడా ఒక దరఖాస్తు ఇవ్వండి.


రిటైర్డ్ సూపరింటెండెంట్
మంగళవారం, ఉదయం 10:10

వకీలమ్మా, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. ఇవన్నీ కాగితం మీద బాగుంటాయి. కుల్‌భూషణ్ జాధవ్‌ను (మన మాజీ నౌకాదళ అధికారి) పాకిస్తాన్ 2016 మార్చిలో పట్టుకుంది. మన ప్రభుత్వం ఎన్నిసార్లు అడిగినా చూడనివ్వలేదు. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం 2019 జూలై 17న 15 మంది ఒకవైపు, ఒక్కరు ఒకవైపుగా తీర్పు ఇచ్చి, 36వ అధికరణాన్ని పాకిస్తాన్ ఉల్లంఘించిందని తేల్చింది. మన అధికారి ఆయన్ని మొదటిసారి కలిసింది ఆ సెప్టెంబరులో. మూడున్నరేళ్ళు! భారత ప్రభుత్వమే వాది అయిన కేసులో ఇంత పడితే, కోరుట్ల డ్రైవర్ కోసం ఎవరు హేగ్ వెళ్తారు? 80 వేలతో పని జరిగేటట్టుంటే ఇచ్చెయ్యడమే మేలని నా ఉద్దేశం.


వకీలమ్మ
మంగళవారం, ఉదయం 10:55

సార్, మీరు చెప్పిన తారీకులన్నీ నిజమే. ఇంకొకటి కలపండి. 2017 ఏప్రిల్‌లో ఆయనకు సైనిక న్యాయస్థానం మరణశిక్ష వేసింది. మన దేశం మే 8న హేగ్ తలుపు తట్టింది, మే 18న ఉరి ఆపమని ఉత్తర్వు వచ్చింది. పది రోజులు. ఆ అధికరణం లేకపోతే ఏ తలుపు తట్టేవాళ్ళం?

అసలు ఆ హక్కు దేశాలదే కాదు, ఆ మనిషిది కూడా అని 2001లో అదే కోర్టు చెప్పింది, లగ్రాండ్ అనే ఇద్దరు జర్మన్ అన్నదమ్ముల కేసులో. వాళ్ళను అమెరికాలోని అరిజోనాలో 1982లో అరెస్టు చేశారు. జర్మన్ కాన్సులేట్‌కు తెలిసింది 1992లో.


రిటైర్డ్ సూపరింటెండెంట్
మంగళవారం, ఉదయం 11:20

ఆ అన్నదమ్ములిద్దరికీ 1999లోనే మరణశిక్ష అమలైపోయింది కదమ్మా. తీర్పు వచ్చేనాటికి ఇద్దరూ లేరు.


వకీలమ్మ
మంగళవారం, ఉదయం 11:31

లేరు సార్. పదేళ్ళు ఎవరూ అడగకపోవడం వల్లే. అందుకే ఈ తమ్ముణ్ణి ఈ రోజే రాయమంటున్నాను.


మిచిగన్ నుంచి వెనక్కి
మంగళవారం, మధ్యాహ్నం 2:40

నేను ఇలాంటి చోట ఎప్పుడూ రాయలేదు. 2019 జనవరి చివర్లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని వార్తల్లో వచ్చింది చూడండి, వీసా మోసాలు పట్టుకోవడానికి అమెరికా ప్రభుత్వమే పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ, అందులో నిర్బంధించిన 130 మందిలో 129 మంది భారతీయులు, చాలామంది మన తెలుగువాళ్ళు. నేనొకణ్ణి. మాది దిల్‌సుఖ్‌నగర్.

పొద్దున్నే తలుపు కొట్టారు. ఒక ఫారం ఇచ్చి చదువుకో అన్నారు. అందులో ఒక మూల మీ దేశ కాన్సులేట్‌కు తెలపాలా అని గడి ఉంది. ఇంగ్లిష్ నాకు బాగానే వచ్చు, ఎమ్మెస్ చదివినవాణ్ణి. అయినా ఆ గడి దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఎంబసీకి తెలిస్తే పాస్‌పోర్ట్ మీద మచ్చ పడుతుందేమో, ఇంటికి ఫోన్ పోతుందేమో, చెల్లి పెళ్ళి సంబంధం మాటల్లో ఉంది, అది చెడిపోతుందేమో. ఇవే నా తలలో తిరిగినవి. వద్దని టిక్ పెట్టాను. కొన్ని దేశాల వాళ్ళ విషయంలో మనిషి వద్దన్నా అమెరికా అధికారులు వాళ్ళ దేశపు కాన్సులేట్‌కు చెప్పి తీరాలట, ఆ జాబితాలో మన దేశం లేదని తర్వాత తెలిసింది.

నాలుగు రోజుల తర్వాత మా రూమ్మేట్ బయట నుంచి చెప్పడం వల్ల కాన్సులేట్ వాళ్ళకు నేను ఎక్కడున్నానో తెలిసింది. అప్పటికి ఫిబ్రవరి 2న ఢిల్లీలో అమెరికా ఎంబసీకి మన విదేశాంగ శాఖ లేఖ ఇచ్చి, పిల్లలందరినీ కలవనివ్వమని అడిగింది. వచ్చినాయన నన్ను విడిపించలేదు. ఆ పని తన చేతిలో లేదని మొదటే చెప్పాడు. కానీ నా ముందున్న కాగితాల్లో ఏది సంతకం పెడితే ఏమవుతుందో, స్వచ్ఛందంగా వెళ్ళిపోవడానికీ వెళ్ళగొట్టించుకోవడానికీ తేడా ఏమిటో కూర్చుని చెప్పాడు. ఆ తేడా తెలియక సంతకం పెట్టిన పిల్లలు ఉన్నారు.

కోరుట్ల అన్నా, మీ తమ్ముడు "ఎంబసీ వద్దు" అని ఉండవచ్చు. అంటే కోపం తెచ్చుకోకండి.


పేరు వద్దు
మంగళవారం, రాత్రి 9:18

పై అబ్బాయి రాసింది చదివి మధ్యాహ్నం నుంచి చెయ్యి ఆడలేదు. మా ఆయన గల్ఫ్‌లో ఒక దేశంలో మూడేళ్ళు జైల్లో ఉన్నారు. ఊళ్ళో పక్కింటావిడ "మా కొడుక్కు ఇవ్వండి" అని ఇచ్చిన డబ్బాలో గసగసాలు ఉన్నాయి. మనకు అవి కూరలో మసాలా. అక్కడ మత్తుమందు కిందికి వస్తాయి. ఎయిర్‌పోర్ట్‌లోనే పట్టుకున్నారు.

నాకు తెలిసింది ఎనిమిది నెలలకు. ఎందుకంటే ఎంబసీకి చెప్పమంటావా అని వాళ్ళు అడిగితే ఆయనే వద్దన్నారు. ఎంబసీకి చెప్తే పోలీసులు ఊరికి వస్తారని, ఊరంతా తెలుస్తుందని భయం. ఎనిమిది నెలలు నేను ఆయన పని చేస్తున్నారనే అనుకున్నాను. అందరితో అదే చెప్పాను. పైసలు రాకపోతే ఇంకో సంసారం పెట్టారేమో అని కూడా అనుకున్నాను, దేవుడు నన్ను క్షమించాలి. తర్వాత ఎంబసీని అడిగితే, చాలా దేశాల్లో ఖైదీ ఒప్పుకోకపోతే అతని వివరాలు ఎవరికీ ఇవ్వరు, మాకూ ఇవ్వరు అన్నారు.

ఆయన తిరిగొచ్చాక ఒకటే మాట అన్నారు. "నీకు తెలియకూడదనుకున్నాను, అంతే తప్ప నీకు చెప్పే దారి లేక కాదు." ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు. గల్ఫ్ వెళ్ళే ప్రతి మనిషీ, వెళ్ళే ముందే భార్యతోనో అమ్మతోనో కూర్చుని, "నన్ను పట్టుకుంటే ఎంబసీకి చెప్పమనే చెప్తాను" అని మాటివ్వాలి. అదొక్కటి చాలు నాకు.


సిక్కోలు కెరటం
బుధవారం, ఉదయం 6:50

అక్కా, మీ మాట చదివితే మా అమ్మ గుర్తొచ్చింది. నేను కొండాపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాను గానీ మాది సముద్రం ఒడ్డు పల్లె. మా వైపు వాళ్ళు పని కోసం గుజరాత్‌లోని వెరావల్ పోయి అక్కడి బోట్లెక్కుతారు. 2018 నవంబర్లో మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళను పాకిస్తాన్ పట్టుకుంది. నీళ్ళ మీద గీత ఎక్కడుంటాది? అందులో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర బయటపడ్డారు. పదమూడు నెలలు దాటింది.

పాకిస్తాన్‌తో మనకు 2008లో వేరే ఒప్పందం కూడా ఉంది. ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ ఖైదీల జాబితాలు ఇచ్చుకుంటాయి, పట్టుకున్న మూడు నెలల్లోగా కాన్సులర్ అధికారిని కలవనివ్వాలి. మా ఊళ్ళో ఆ రెండు తారీకులు పండగల కంటే బాగా గుర్తుంటాయి. జాబితాలో పేరు ఉంటే మనిషి ఉన్నట్టు.

ఇక్కడ ఇంకో ముడి ఉంది. ఈ మనిషి మీవాడేనా అని తేల్చడానికి మన వైపు నుంచే కాగితాలు కావాలి. శిక్ష అయిపోయినా అది తేలక లోపలే ఉండిపోయినవాళ్ళు ఉన్నారు. మా బాబాయి పేరు ఓటరు కార్డులో ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా. తహసీల్దారు ఆఫీసు చుట్టూ మా పిన్ని ఎన్నిసార్లు తిరిగిందో. అస్లం గారు చెప్పింది అక్షరాలా నిజం. కోరుట్ల అన్నా, తమ్ముడి ఆధార్, పదో తరగతి మెమో, రేషన్ కార్డు, అన్నీ ఇప్పుడే ఒక కవర్లో పెట్టేయండి.


మాధవి, ఏఎస్ రావ్ నగర్
బుధవారం, ఉదయం 9:25

ఒక సందేహం. మా అబ్బాయి అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు, ఓసీఐ కార్డు ఉంది. కంపెనీ పని మీద ఇంకో దేశం వెళ్తుంటాడు. అక్కడ ఏమైనా జరిగితే మన ఎంబసీ చూస్తుంది కదా?


వకీలమ్మ
బుధవారం, ఉదయం 9:50

చూడదమ్మా. ఓసీఐ అంటే పౌరసత్వం కాదు, మన దేశానికి ఎప్పుడైనా వచ్చి ఉండే వీసా సౌకర్యం లాంటిది. మన రాజ్యాంగం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. మీ అబ్బాయి అడగవలసింది అమెరికా కాన్సులేట్‌ను. ఆ నంబరు ఫోన్లోనే కాదు, పర్సులో కాగితం మీద కూడా పెట్టుకోమనండి. ఫోన్ మొదట లాక్కుంటారు.


సిరిసిల్ల శ్రీను
బుధవారం, మధ్యాహ్నం 1:05

మా దిక్కు పిలగాండ్లు కంబోడియా, మయన్మార్ పోయి ఇరుక్కున్నరు కద, వాళ్ళకు ఈ ఒప్పందం పని చేస్తదా? అక్కడ పట్టుకున్నది పోలీసులు కాదు, కంపెనీలే. పాస్‌పోర్ట్ గుంజుకొని, కంచె లోపట పెట్టి, ఆన్‌లైన్ మోసాలు చేయిస్తరు.


వకీలమ్మ
బుధవారం, మధ్యాహ్నం 1:40

కాన్సులేట్‌కు చెప్పే బాధ్యత ప్రభుత్వాలది. ముఠాలు ఎవరికీ చెప్పవు. అక్కడ ఎంబసీ చేయగలిగింది స్థానిక పోలీసుల మీద ఒత్తిడి తేవడం. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు కేంద్రాల నుంచి బయటపడిన 549 మంది భారతీయులను థాయ్‌లాండ్‌లోని మే సోట్ నుంచి రెండు రోజుల్లో వాయుసేన విమానాల్లో తెచ్చారు, మన తెలుగువాళ్ళూ అందులో ఉన్నారు. బయటపడగానే వీసా లేదని అక్కడి పోలీసులే పట్టుకుంటారు, ఆ క్షణం నుంచి మాత్రం 36వ అధికరణం వర్తిస్తుంది.


కోరుట్ల బిడ్డ
బుధవారం, రాత్రి 10:20

అందరి కాళ్ళకు మొక్కుత. నిన్న దుకాణంకు సెలవు పెట్టి ప్రజాభవన్ పోయిన. దరఖాస్తు తీస్కున్నరు, రశీదు ఇచ్చిన్రు. నా లెక్కనే ఒక ముసలాయన నిజామాబాద్ నుంచి వచ్చిండు, కొడుకు శవం కోసం. ఆయనకు దరఖాస్తు నేనే రాసిచ్చిన.

పాస్‌పోర్ట్ జిరాక్స్ ఊర్ల ట్రంకు పెట్టెల దొరికిందని చెల్లె ఫొటో పంపింది. ఇఖామా అయితే నా వాట్సాప్‌లనే ఉన్నది. మొదటి నెల వానికి అది రాంగనే సంబురంతోని ఫొటో దిగి పంపిండు. అండ్ల కఫీలు పేరు అరబీల ఉంటే అస్లం భాయ్ సదివి చెప్పిండు. మదద్‌ల ఎక్కించిన, రియాద్‌కు మెయిల్ పెట్టిన. సూపరింటెండెంట్ సార్, ఏజెంటుకు ఫోన్ చేసి "ఏ ఠాణాల ఉన్నడో చెప్పు, అప్పుడు పైసలు" అన్న. ఫోన్ పెట్టేసిండు, మళ్ల ఎత్తుతలేడు.


రిటైర్డ్ సూపరింటెండెంట్
బుధవారం, రాత్రి 10:48

మంచి ప్రశ్న అడిగావు నాయనా. నేను తొందరపడి సలహా ఇచ్చాను. ఏమీ అనుకోకు.


బర్కస్ అస్లం
గురువారం, ఉదయం 11:00

తమ్ముడూ, రేపు, ఎల్లుండి ఎంబసీకి సెలవు. అక్కడ వారం ఆదివారం మొదలవుతుంది. ఈ రెండు రోజులు జవాబు రాలేదని పరేషాన్ కావద్దు. దమ్మాంలో ఎంబసీ తరఫున తిరిగే మన సంఘసేవకులు ఉంటారు, ఠాణాల్లో వాళ్ళ మొహాలు తెలుసు. ఒకరికి నీ కాగితాలు పంపిన. పైసా అడగరు, అడిగితే నాకు చెప్పు.

ఇంకొక మాట అందరికీ. మీ వాళ్ళు ఎవరైనా అరబ్బు దేశం పోతుంటే ఒక్క మాట నేర్పి పంపండి. "సిఫారా". అంటే ఎంబసీ. "సిఫారా హిందియా" అంటే మన ఎంబసీ. రొట్టె, నీళ్ళు, జీతం, అన్నీ అరబీలో నేర్చుకుంటారు మన పిల్లలు, ఈ మాట మాత్రం ఎవరూ నేర్పరు. నేను తర్హీల్‌లో ఉన్నప్పుడు పక్కన ఒక నిర్మల్ పిల్లగాడు మూడు రోజులు "ఎంబసీ, ఎంబసీ" అన్నాడు. అక్కడి జవానుకు అర్థం కాలేదు. నేను "సిఫారా" అన్నాక రాసుకున్నాడు.


మిచిగన్ నుంచి వెనక్కి
గురువారం, రాత్రి 8:15

పార్లమెంటులో 2025లో ఇచ్చిన జవాబు చూశాను. విదేశీ జైళ్ళలో మనవాళ్ళు, విచారణలో ఉన్నవాళ్ళతో కలిపి, పదివేలు దాటారు. సౌదీలో, ఎమిరేట్స్‌లో ఒక్కోచోట 2,500కు పైగా. ఇవి ఎంబసీలకు తెలిసిన లెక్కలు. నాలాగా వద్దని టిక్ పెట్టినవాళ్ళు ఇందులో ఉండరు కదా అని అప్పటి నుంచి అదే ఆలోచన.


కోరుట్ల బిడ్డ
ఆదివారం, సాయంత్రం 6:30

దొరికిండు.

చేతులు వణుకుతున్నయ్, తప్పులుంటే మన్నించున్రి. అస్లం భాయ్ చెప్పినాయన ఇయ్యాల మూడు ఠాణాలు తిరిగిండు. మూడోదాంట్ల ఉన్నడు. తర్హీల్‌ల కాదు. కఫీలు హురూబ్ ఒక్కటే కాదు, ఇంట్ల నుంచి పైసలు, ఫోను దొంగతనం చేసి పారిపోయిండని కూడ రాయించిండట. ఇంకొకటి. పట్టుకున్న రెండో రోజే తమ్ముడు ఏదో అరబీ కాగితం మీద ఏలిముద్ర ఏసిండట. హురూబ్ కాగితమేమో, తొందరగ ఇంటికి పంపుతరేమో అనుకున్నడట. అది ఏం కాగితమో ఎవరికీ తెల్వదు.

వాడు దొంగ కాదు. మా నాయిన చనిపోయినప్పుడు జేబుల మిగిలిన 300 రూపాయలు ఎవరియో అని ఊరంత అడిగి ఇచ్చొచ్చినోడు.


వకీలమ్మ
ఆదివారం, సాయంత్రం 7:10

ఊపిరి పీల్చుకో తమ్ముడూ. మనిషి ఎక్కడున్నాడో తెలిసింది, అది పెద్ద సంగతి. జీతం ఎగ్గొట్టిన యజమాని దొంగతనం కేసు పెట్టడం గల్ఫ్‌లో చాలామంది చెప్పే మాటే. ఇప్పుడు ఎంబసీకి రెండో మెయిల్ పంపండి. ఠాణా పేరు, కేసు సంగతి, అరబీ కాగితం మీద వేలిముద్ర వేసిన సంగతి విడిగా రాయండి. ఏడు నెలల జీతం బాకీ ఉందని కూడా రాయండి, అదే కేసుకు వెన్నెముక. జీతం అడుగుతూ కఫీల్‌కు పెట్టిన వాయిస్ మెసేజ్‌లు మీ తమ్ముడి ఫోన్లోనో, ఆ రూమ్మేట్ దగ్గరో ఉంటే దాచమనండి. తెలుగు వచ్చిన దుబాసీ కావాలని, ఆ కాగితం నకలు ఇప్పించమని అడగండి. వకీలు ఖర్చుకు ఎంబసీల్లో భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది, 2009 నుంచి. అర్హులకు ఇస్తారు, అడిగితేనే ఇస్తారు.


సిరిసిల్ల శ్రీను
ఆదివారం, రాత్రి 9:00

అన్నా, ధైర్యంగుండు. మా జిల్లా వాళ్ళు అయిదుగురు దుబాయ్‌ల నేపాలీ వాచ్‌మన్ చనిపోయిన కేసుల దాదాపు 18 ఏండ్లు జైల్ల ఉండి 2024 అటుఇటుగ ఇంటికొచ్చిన్రు. కేటీఆర్ నేపాల్ పోయి ఆ కుటుంబానికి 15 లక్షలు ఇచ్చి క్షమాపణ కాగితం తెచ్చినంక కూడ అన్నేండ్లు పట్టింది. వాళ్ళు పోయేటప్పుడు చంకల ఉన్న పిల్లలు లగ్గాలకొచ్చిన్రు. నీ తమ్మునికి అట్ల కావద్దు, మొదటి నెలలనే పట్టుకున్నవు.


కోరుట్ల బిడ్డ
గురువారం, రాత్రి 9:35

నిన్న ఎంబసీ నుంచి ఒక సారు, వెంట హైదరాబాద్ దుబాసీ పోయి తమ్మున్ని కలిసిన్రు. ఇరవై నిమిషాలు. ఆ సారే ఇయ్యాల ఫోన్ చేసి చెప్పిండు.

కొట్టలేదట. అన్నం పెడుతున్నరట. ఒక చెవి నొస్తుందంటే డాక్టరుకు చూపియ్యమని రాసిచ్చిన్రట. వాడు మొదటి రోజు ఎంబసీకి చెప్పున్రి అని అడిగిండట, ఇంగ్లిషుల, మళ్ల మళ్ల. ఎవరికీ అర్థం కాలే. పేరు వద్దన్న అక్కా, వాడు వద్దనలే. నాకు ఎందుకో అది ఇని ఏడుపొచ్చింది.

ఏలిముద్ర ఏసింది దొంగతనం ఒప్పుకున్నట్టు రాసిన కాగితమే. దుబాసీ సదివి చెప్తే తమ్ముడు గోడకు ఒరిగిండట. అది తెల్వక ఏసిన్నని, తెలుగు తప్ప వేరే భాష సదవరాదని ఇప్పుడు కొత్తగ రాసిచ్చిండు, దుబాసీ కింద సంతకం పెట్టిండు. ఎంబసీ తరఫున వకీలును పెడుతున్నరు. ఆదివారం వాయిదా.

రెండు నిమిషాలు ఫోన్ కూడ ఇప్పిచ్చిన్రు. అమ్మతోని మాట్లాడిండు. అమ్మ ఏం అడగలే, "గోలీలు ఏసుకుంటున్న బిడ్డా" అన్నది. ఫోన్ పలిగిందని నేను చెప్పిన అబద్ధం ఆమెకు మొదటి రోజే తెల్సట.

అస్లం భాయ్, ఆ కాగితం ఫొటో వచ్చింది. దుబాసీ సదివిండు గని నాకు ఒక్కో లైను తెలుగుల రాసుకోవాలని ఉన్నది, వకీలుకు ఏమేం అబద్ధమో పంపాలె. శనివారం పొద్దుగాల బర్కస్ వస్త. పది గంటలకు ఉంటవా?


బర్కస్ అస్లం
గురువారం, రాత్రి 9:41

తొమ్మిదికే రా. మైదానం పక్కన టీ హోటల్ దగ్గర నిలబడి ఉంటా.